కావలియు, కట్టుబాటును

గ్రామవాసులగు పెద్దలారా!

నడిరేయి మీ యింటి తలుపు నెవరో బాదుచున్నారనుకొనుడు. మీరు లేచి, దీపము వెలిగించి, తలుపు తీసితిరి. వాకిట నొక జవాను నిలుచుండెను. "ఇంటిలో నున్నావో లేదో చూచిపోవ వచ్చితిని" అని యాతడు చెప్పెను. "నేను చేసిన నేరమేమి?" యని మీరడిగితిరి. "నేరమేమియు లేదు, పుస్తకములో నీ పేరున్నది" అని చెప్పి యాతడు వెడలిపోయెను. మరునాటి రాత్రియు నట్లే జరిగెను. పొరుగూరికి పెండ్లికి పోదలచినను మీ రాకపోకలు ఠాణాలో వ్రాయబడుచుండెను. ఇట్లు బ్రదుకు గడపువానిని స్వతంత్రుడందుమా? బందీ యందుమా?

ఈ ప్రశ్న నేను కల్పించినది గాదు. స్వతంత్ర భారతమున నొక సామాన్యుడు మన సర్వోన్నత న్యాయస్థానము నీ ప్రశ్ననే యడిగెను. దానికి సరియైన యుత్తరమును వ్రాసినవాడు రాజమహేంద్రవరమున పుట్టిన తెలుగువాడు. ఆ యుత్తరము దేశమున చెల్లుబడి యగుటకు ఏబదినాలుగేండ్లకు పైగా పట్టెను. ఆ వృత్తాంతమును మీకు మనవి చేయుటయే నేటి నా ప్రసంగోద్దేశము. అయితే దానికి పూర్వము మన పల్లెల కావలి యెట్లుండెనో, అది యెట్లు మాఱెనో కొంత చెప్పవలసియున్నది.

రాజ్యమునకు కావలి యక్కఱలేదని నేననను. రాజునకు చారులే కన్నులని మన పూర్వులు చెప్పిరి. కౌటిల్యుని యర్థశాస్త్రమున గూఢపురుషుల కొఱకు ప్రత్యేకముగా నధ్యాయములే కలవు. విద్యార్థి వేషమునను, సన్న్యాసి వేషమునను, కాపు వేషమునను, వర్తకుని వేషమునను, తాపసి వేషమునను చారులు తిరుగవలెనని యాతడు విధించెను. ఆ గ్రంథముననే మఱియొక నియమమును కలదు. ఒక చారుడు చెప్పినంత మాత్రమున నమ్మరాదు. మువ్వురి మాట యొక్కటైనప్పుడే నమ్మవలెను. మాటిమాటికి తప్పుడు వార్త తెచ్చువానిని దండింపవలెను. అనగా చూచువాని చూపునకును పరీక్ష యుండెను. కాని యా పరీక్ష రాజు మేలు కొఱకే గాని, చూడబడు ప్రజ మేలు కొఱకు గాదు. చారుడు తన్నుగూర్చి యేమి చెప్పెనో తెలిసికొను హక్కు గాని, అది యబద్ధమని వాదించు హక్కు గాని ప్రజకు లేదు. ఆ లోపము బహుకాలము నిలిచినది.

మన పల్లెలలో కావలి తలారిది. ఊరికి వచ్చిన కొత్తవారిని కనిపెట్టుట, దొంగల జాడ తీయుట, బాటసారులను పొరుగూరి పొలిమేర దాక సాగనంపుట వాని పనులు. 1800వ సంవత్సరమున నిజాము మన సీమను ఇంగ్లీషు కుంపిణీకి దత్తము చేసెను. ఆ యేడు మొదలు 1807 వఱకు మన్రో దొర యిచ్చట ప్రధాన కలెక్టరుగా నుండెను. పిమ్మట 1816వ సంవత్సరపు పదునొకండవ రెగ్యులేషను ప్రకారము గ్రామ పెత్తనదారులకే పల్లె పోలీసు పని యొప్పగింపబడెను. తలారులు వారికి తోడుగా నిలిచిరి. 1859వ సంవత్సరమున చెన్నపురి రాజధానికి పోలీసు చట్టము వచ్చెను. అప్పటినుండి వేతనము పుచ్చుకొను జవానులు, ఠాణాలు, పుస్తకములు వచ్చినవి.

ఈ రెండు కావళ్లకును గల భేదమును గమనింపుడు. తలారి యూరిని చూచును. ఊరు తలారిని చూచును. వాడు పగపట్టి యొకనిమీద లేనిపోనిది చెప్పినచో రచ్చబండయొద్ద నిలదీయవచ్చును. వాడు ధర్మాత్ముడని నేను చెప్పుట లేదు. దొంగలతో పొత్తు కలిసిన తలారులును, బీదలను పీడించిన తలారులును లేకపోలేదు. కాని వాని చూపునకు ఎదురుచూపు కలదు. ఠాణాలోని పుస్తకమునకు ఎదురుచూపు లేదు. అందు నీ పేరెందుకు చేరెనో నీకు తెలియదు. వ్రాసిన యధికారి బదిలీయై పోవును, వ్రాత నిలిచిపోవును.

ఆ పుస్తకము మితిమీఱినప్పుడేమి జరుగునో చెప్పుటకు ఎఱుకలవారి చరిత్రకంటె వేఱు దృష్టాంతము వలదు. పెద్దలకు వీరిలోని శాఖల పేళ్లు తెలిసియే యుండును: ఉప్పు ఎఱుకలవారు, కరివేపాకు ఎఱుకలవారు, దబ్బ ఎఱుకలవారు. ఈ పేళ్లే వీరి వృత్తులను చెప్పుచున్నవి. ఎద్దులమీదను గాడిదలమీదను తూర్పుతీరపు ఉప్పును లోపలి పల్లెలకు తెచ్చి, మాఱుగా ధాన్యము పుచ్చుకొని, తిరుగుదారిలో నది యమ్ముకొనెడి వర్తకులు వీరు. వీరి స్త్రీలు బుట్టలల్లుదురు, ఎఱుక చెప్పుదురు. బండిబాటలు లేని యూళ్లకు ఉప్పు చేర్చినది వీరి యెద్దులే.

1805వ సంవత్సరమున చెన్నపట్టణపు ప్రభుత్వము ఉప్పును తన గుత్తాధికారము చేసికొనెను. తరువాత మన కడపమీదుగా రైలుదారి పడెను. 1871 నాటికి చెన్నపట్టణపు దారి రాయచూరివఱకు పోయి, బొంబాయి దారితో కలిసెను. ఎద్దు మోయు నుప్పును రైలు మోయజొచ్చెను. అటుపిమ్మట 1876 మొదలు 1878 వఱకు ధాత కఱవు మన దత్తమండలములను మాడ్చివేసెను. ఇట్లు తిరిగి బ్రదుకు జనులకు తిరుగుటకు కారణము పోయినది. తిరుగుట మాత్రము మిగిలినది. పనిలేక తిరుగువాడు ఠాణావారి కంటికి దొంగవలె కనబడును. వీరిలో దొంగతనము చేసినవారు లేరని నేను వాదింపను. కాని కడుపుకూడు పోయినందున చేసిన తప్పును పుట్టుకలోని గుణముగా నెంచుట వేఱు సంగతి.

ఏ యేడు ఆ రైలుదారులు కలిసెనో, ఆ 1871వ సంవత్సరముననే ప్రభుత్వము నేరస్థ జాతుల చట్టమును చేసెను. మొదట నది యుత్తర హిందూస్థానమునకే. 1911వ సంవత్సరపు కొత్త చట్టముచే నది చెన్నపురి రాజధానికిని వ్యాపించెను. 1924లో మరల క్రోడీకరింపబడెను. దాని పద్ధతి యిది. ఒక తెగవారు నేరములకు అలవాటుపడినవారని ప్రభుత్వము తలంచినచో గెజిటులో ప్రకటించును. ఆ ప్రకటన చెల్లదని యే న్యాయస్థానమును చెప్పరాదు. ఆ తెగవారి పేళ్లు పట్టికలో వ్రాయుదురు, వ్రేలిముద్రలు తీసికొందురు. వారు నియమించిన వేళలకు హాజరు పలుకవలెను, లేదా తమ నివాసమును, మార్పును, ఊరు విడుచుటను ముందుగా తెలుపవలెను. చెన్నపురి రాజధానిలో ఎఱుకలవారిలోని పెక్కు శాఖలు ఆ పట్టిక కెక్కినవి.

పెద్దలారా, ఇందు మనకు సంబంధించిన ముక్క యొకటి కలదు. ఈ తెగవారు వచ్చినను, పోయినను, హాజరు కాకున్నను ఆ వార్తను ఠాణాకు చేరవేయుట గ్రామ పెత్తనదారులకును, కావలివారికిని విధిగా చట్టమున వ్రాయబడెను. అనగా మన తాతముత్తాతల కాలపు గ్రామపెద్దలే ఆ కావలికి కన్నులైరి. ఇది దొరలు మాత్రమే చేసిన పని యని మనము చేతులు దులుపుకొనజాలము.

పట్టికతో నది యాగలేదు. 1913లో బాపట్ల చేరువను సాల్వేషన్ ఆర్మీ వారి యాజమాన్యమున స్టూవర్టుపురము వెలసెను. చెన్నపట్టణపు గవర్నరు కార్యాలోచన సభలో సభ్యుడైన హెరాల్డు స్టూవర్టు పేర నా గ్రామము కట్టబడెను. నెల్లూరు సీమలోని కావలియందు బాప్టిస్టు మిషనువారు మఱియొక నివాసమును నడపిరి. మన పొరుగున కర్నూలు జిల్లాలో సిద్ధాపురమున నింకొకటి యేర్పడెను. ఈ నివాసములలో బడులు, వైద్యము, పొలములు, పనులు చూపబడినమాట నిజమే. స్టూవర్టుపురపు జనులు చీరాలలోని పొగాకు కర్మాగారమున పనిచేసిరి. కాని పాసు లేక పొలిమేర దాటరాదు. హాజరు తప్పినచో శిక్ష. మేలు చేయుచునే సంకెల వేసినను సంకెల సంకెలయే.

ఇచ్చట నా తప్పొకటి మీతో చెప్పుకొనవలసియున్నది. నేనొక పల్లెబడిలో ఉపాధ్యాయుడనుగా నుండగా, ఒకనాడు తరగతిలో నొక పిల్లవాని జామెట్రీ పెట్టె కానరాకపోయెను. పిల్లలందఱు ఒకవైపు చూచిరి. ఆ వైపున కూర్చున్నవాడు ఎఱుకల బాలుడు. చట్టము పోయి యప్పటికి ముప్పది యేండ్లు దాటినది. పట్టికలు లేవు, పాసులు లేవు. అయినను నేనును అటే చూచితిని. వానిని పిలిచి, వాని సంచి యందఱి యెదుట బోర్లించితిని. రెండు పుస్తకములు, ఒక పలక, సగము కొఱికిన జామకాయ పడినవి. మరునాడా పెట్టె పోగొట్టుకొన్నవాని యింటనే, వాని చెల్లెలు ఆడుకొనుచుండగా దొరకెను. నేను తప్పు జరిగినదని యా బాలునితో చెప్పితిని. వాడు బదులు పలుకలేదు. కాని యా మరునాటినుండి వాడు తరగతిలోనికి వచ్చుచునే, నేనడుగకయే, తన సంచి తెఱచి నా బల్లమీద పెట్టి నిలుచుండువాడు. వలదని యెన్నిమార్లు చెప్పినను చాల దినములు మానలేదు. ధర్మశాస్త్రములు చదివిన నాకు, అనుమానమనునది మనుష్యుని నేమి చేయునో యా సంచి నేర్పినది.

చెన్నపురి రాజధానిలో నీ చట్టము 1947లో రద్దయ్యెను. దేశమంతట 1952 ఆగస్టు 31వ తేదీన తొలగెను. తెగ పోయి వ్యక్తి వచ్చినాడు. అనగా పుట్టుకచే గాక, తాను చేసిన నేరములచే అలవాటు నేరస్థుడని యెన్నబడువానిపై నిఘా యుంచు చట్టములు వేఱుగా పుట్టినవి. అట్టి చట్టము మన రాష్ట్రమున 1962లో వచ్చెను. ఇది మొదటిదానికంటె న్యాయమైనదే. కాని చట్టమునకు వెలుపల, పోలీసువారి లోపలి యుత్తరువుల ప్రకారము నడచు చరిత్ర పుస్తకములును, మన సీమలో పసివానికిని తెలిసిన రౌడీషీటులును నిలిచియే యున్నవి.

ఇక మొదట చెప్పిన తలుపుచప్పుడు. ఉత్తర ప్రదేశమున ఖరక్‌సింగ్ అనునతడు 1941లో నొక దోపిడి కేసులో పట్టుబడెను. సాక్ష్యము లేనందున విడువబడెను. అయినను వాని పేర చరిత్ర పుస్తకము తెఱచిరి. చౌకీదారులు, జవానులు రాత్రులయందు వాని వాకిటికి వచ్చి, తలుపు తట్టి, కేకలు వేసి నిద్ర లేపుచుండిరి. ఆతడు సర్వోన్నత న్యాయస్థానమునకు మొఱపెట్టుకొనెను. 1962 డిసెంబరు 18న ఆర్గురు న్యాయమూర్తులు తీర్పు చెప్పిరి. రాత్రివేళ నింటికి వచ్చుట చెల్లదని యందఱును అంగీకరించిరి. కాని యింటిని చాటుగా కాచుట, రాకపోకలు కనిపెట్టుట మొదలగునవి తప్పుగావనియు, ఏకాంతమనునది రాజ్యాంగము హామీ యిచ్చిన హక్కు గాదనియు నలుగురు పలికిరి.

ఆ మాట కొప్పుకొననివారిద్దఱు. అందు ప్రధానముగా వ్రాసినవారు కోకా సుబ్బారావుగారు. 1902లో రాజమహేంద్రవరమున జన్మించిరి. 1954లో గుంటూరున నెలకొన్న ఆంధ్ర హైకోర్టునకు మొదటి ప్రధాన న్యాయమూర్తి. 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి. న్యాయమూర్తి షా గారు వారితో నేకీభవించిరి. సుబ్బారావుగారి వాదము సారాంశమిది. కాలికి సంకెల లేనంత మాత్రమున మనుష్యుడు స్వేచ్ఛగలవాడు గాడు. వెన్నంటి యొక కన్ను తిరుగుచున్నచో, ఆ భయమే వాని నడకను, మాటను, స్నేహమును బంధించును. ఏకాంతమను పదము రాజ్యాంగమున లేకున్నను, అది వ్యక్తిస్వాతంత్ర్యమున కవిభాజ్యమైన యంగము. కావున నా నిఘా నియమమంతయు చెల్లదు. నలుగురి మాట నెగ్గెను. ఇద్దఱి మాట గ్రంథమున నిలిచెను.

ఆ తరువాతి మెట్టు మన పొరుగు గుత్తిలో జన్మించిన ఓ. చిన్నప్ప రెడ్డిగారిది. 1980లో పంజాబునుండి వచ్చిన మలక్‌సింగ్ వ్యాజ్యెమున వారు తీర్పు వ్రాసిరి. నేరములు నివారించుటకు పోలీసువారు కొందఱిపై కన్నుంచుట తప్పుగాదనియు, ముందుగా వానికి చెప్పి చేయవలసిన పనిలేదనియు వారొప్పుకొనిరి. అయినను నమ్మదగిన కారణము లేక యెవ్వరి పేరును పుస్తకమున చేర్చరాదనియు, ఆ కావలి మనుష్యుని గౌరవమును భంగపఱచునంత దూరము పోరాదనియు శాసించిరి. రాయలసీమలో పుట్టినవారికి రెండువైపుల సంగతియు తెలియును గదా! ముఠాకక్షలుగల యూరిలో ఎవడెక్కడ నాటుబాంబులు దాచెనో పోలీసువారు కనిపెట్టకున్నచో పీనుగులు లేచును. కావలి యుండవలె ననువారి మాటను తేలికగా త్రోసివేయరాదు.

1996లో టెలిఫోను మాటలను చాటుగా వినుటపై మఱియొక తీర్పు వచ్చెను. 1885 నాటి తంతిచట్టము ఆ యధికారమును ప్రభుత్వమున కిచ్చియుండెను గాని, దానికి కట్టుబాటు లేదు. గృహశాఖ కార్యదర్శి యుత్తరువుండవలెననియు, అది రెండు మాసములకే చెల్లుననియు, ఎంత పొడిగించినను ఆఱు మాసములు మించరాదనియు, దానిని వేఱొక సంఘము పరిశీలింపవలెననియు న్యాయస్థానము విధించెను. ఆ పాతచట్టము స్థానమున 2023వ సంవత్సరపు టెలికమ్యూనికేషన్ల చట్టము వచ్చినను, వినెడి యధికారము ప్రభుత్వమునకు నిలిచియే యున్నది.

తుదకు 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తులు, అందు మన కృష్ణాజిల్లావారగు జాస్తి చలమేశ్వరుగారును నొకరు, ఏకాంతము పౌరుని మూలహక్కని యేకగ్రీవముగా తీర్పు చెప్పిరి. ఆధార్ పథకమును ప్రశ్నించుచు కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామిగారు వేసిన వ్యాజ్యెమది. 1962 నాటి సుబ్బారావుగారి మాటయే సరియైనదని నాడు స్పష్టముగా చెప్పబడెను. అప్పటికి సుబ్బారావుగారు గతించి నలువదేండ్లు దాటినది. 2018లో ఆధార్ చట్టమును న్యాయస్థానము చాలవఱకు నిలిపెను గాని, ప్రైవేటు సంస్థలు దానిని కోరుటను కొట్టివేసెను.

నేడు మన చౌకధరల దుకాణములో బియ్యమునకై యంత్రముమీద మనమందఱము బొటనవ్రేలు పెట్టుచున్నాము. ఒకనాడు వ్రేలిముద్ర వేయుమన్న ఎఱుకలవాని కెట్లుండెనో మనమిప్పుడు కొంత యూహింపవచ్చును. రెండును ఒకటి యని నేననను. నాటిది శిక్షించుటకు, నేటిది పప్పుబియ్యము దొంగపేళ్లపై పోకుండుటకు. కాని వ్రేలు మనది, పుస్తకము వారిది యనుటలో మాత్రము భేదము లేదు. వీథుల కూడళ్లలో కెమెరాలు, చేతిలోని ఫోను, బ్యాంకు ఖాతా, ఇవన్నియు ఎవడెక్కడ తిరిగెనో వ్రాసిపెట్టుచునే యున్నవి. 2023లో వ్యక్తిగత సమాచారరక్షణకు చట్టము వచ్చినది. ఐనను దేశరక్షణ మొదలగు కారణములచే ప్రభుత్వము తన శాఖలను దానినుండి మినహాయింపవచ్చునని యా చట్టమే చెప్పుచున్నది. నాడు తలారి కనులకు నిద్ర వచ్చెడిది. ఈ యంత్రములకు రాదు.

కాబట్టి కావలి వలదనుట కుదరదు. కావలికి కట్టుబాటు వలెను. ఆ కట్టుబాటును 2017 నాటి తీర్పే సూచించినది. చూచుట కొక చట్టముండవలెను. ధర్మమైన ప్రయోజన ముండవలెను. ఆ పనికి కావలసినంత మేరకే చూడవలెను. మితిమీఱినవానిని అడుగుట కొక త్రోవ యుండవలెను. మన పల్లెమాటలలో చెప్పవలెనన్న: ఎవరి యుత్తరువు? ఏ పనికి? ఎంతకాలము? తప్పైనచో ఎవరు జవాబుదారి? ఈ నాలుగడుగుట రాజద్రోహము గాదు, పౌరుని విధి.

ఒక్క మనవితో విరమించెదను. ఊరిలో నేదైన పోయినప్పుడు, ఠాణావారు వచ్చి పెద్దలగు మిమ్ముల నడుగుదురు: "ఎవరిపై ననుమానము?" అని. ఆ క్షణమున మీ నోట వచ్చు పేరు పుస్తకము కెక్కును. మీరు మఱచినను, అది మఱవదు. మీరు కంట చూచిన పని యుండినచో నిర్భయముగా చెప్పుడు, దాచుటయు దోషమే. కాని పని చూడక, కులము చూచి, గుడిసె చూచి, తండ్రి పేరు చూచి యెవని పేరును చెప్పకుడు. మా బడిలోని యా బాలుడు తన సంచి తెఱచి పెట్టి నిలుచున్న నిలుపు నాకీనాటికిని కన్నుల గట్టినట్లున్నది. మీ యూరిలో నే బాలునకు నట్టి నిలుపు రాకుండ చూచుట మీ చేతిలోనిది.

సెలవు. స్వస్తి.